క్లిప్‌లు చూసి బ్యాన్ వేయకండి: టోర్నమెంట్‌లో చీటింగ్‌ను ఎలా తేల్చాలి, ఎంత శిక్ష వేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఆన్‌లైన్ షూటర్ టోర్నమెంట్ ఫైనల్ అయిపోయింది. ఓడిన టీమ్ మూడు క్లిప్‌లు పంపి, గెలిచిన టీమ్‌లో ఒకతను వాల్‌హ్యాక్ (గోడల వెనకున్నవాళ్లు కనిపించేలా చేసే చీట్) వాడాడని ఫిర్యాదు చేసింది. ప్రైజ్ మనీ ఇంకా ఇవ్వలేదు. చాట్‌లో జనం అప్పుడే అతన్ని దొంగ అనేశారు. నిజంగా వాడాడో లేదో ఎలా తేల్చాలి, తేలితే ఎంత శిక్ష వేయాలి?

నేను చాలా ఏళ్లు మ్యాచ్ అడ్మిన్‌గా పనిచేశాను, ఇప్పుడు ఇలాంటి ఫిర్యాదులనే విచారిస్తున్నాను. ముందు ఇవాళే చేయాల్సిన పనులు చెబుతాను. ప్రైజ్ మనీ ఆపండి. రెండు టీమ్‌లకూ ఒకే మెసేజ్ పంపండి: ఫిర్యాదు అందింది, ఫలానా తేదీలోపు తేలుస్తాం, అప్పటిదాకా ఫలితం తాత్కాలికం. ఆటగాడి పేరు బయట పెట్టకండి, చాట్‌లో అతని మీద చర్చ ఆపించండి. ఆ తర్వాత మ్యాచ్ డెమో (సర్వర్ నమోదు చేసే మ్యాచ్ రికార్డింగ్), సర్వర్ లాగ్, యాంటీచీట్ (చీట్‌లను పట్టే సాఫ్ట్‌వేర్) లాగ్, టీమ్ వాయిస్ రికార్డింగ్ ఉంటే అదీ వెంటనే కాపీ చేసి భద్రపరచండి. చాలా సర్వర్లలో డెమోలు కొన్ని రోజులకే చెరిగిపోతాయి. డెమో పోయిందంటే ఇక మీ చేతిలో మిగిలేవి ఆ మూడు క్లిప్‌లే. వాటితో ఎవరినీ శిక్షించలేరు, ఎవరినీ నిర్దోషి అని నమ్మించలేరు కూడా.

క్లిప్‌ల మీద నాకు ఎందుకంత అపనమ్మకమో చెప్పాలి. ఓడిపోయిన కోపంలో ఉన్నవాళ్లు మొత్తం మ్యాచ్‌లోంచి ఏరి తీసిన క్షణాలవి. ఎంత నిజాయతీగా ఆడినవాడి ఫైనల్‌లోనైనా గోడ వెనక శత్రువు మీదికి గురి వెళ్లిన క్షణాలు రెండు మూడు దొరుకుతాయి. అడుగుల చప్పుడు వినిపించి ఉండొచ్చు, తోటి ఆటగాడు చెప్పి ఉండొచ్చు, అందరూ నిలబడే చోటే కాబట్టి అలవాటుగా మనిషి కనబడకముందే కాల్చి (ప్రీఫైర్) ఉండొచ్చు. పైగా డెమో రికార్డింగ్ చాలాసార్లు సర్వర్ కంటే తక్కువ వేగంతో నమోదవుతుంది. అందుకే అసలు ఆటలో మెత్తగా కదిలిన గురి గుర్తు (క్రాస్‌హెయిర్) డెమోలో ఒక్కసారిగా ఎగిరి శత్రువు మీద అతుక్కున్నట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క కారణంతోనే ఎయిమ్‌బాట్ (గురిని దానంతటదే పెట్టే చీట్) వాడాడన్న ముద్ర పడిన మంచి ఆటగాళ్లు ఉన్నారు.

ఇక్కడ ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. కౌంటర్-స్ట్రైక్ షూటర్‌ను తయారుచేసే వాల్వ్ కంపెనీ ఇంజనీర్ జాన్ మెక్‌డొనాల్డ్ 2018లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో, చీటింగ్‌ను పట్టే మెషిన్ లెర్నింగ్ వ్యవస్థ వ్యాక్‌నెట్ గురించి మాట్లాడారు. కౌంటర్-స్ట్రైక్‌లో అనుమానాస్పద మ్యాచ్‌ల డెమోలను అనుభవమున్న ఆటగాళ్లే చూసి తీర్పు చెప్పే ఓవర్‌వాచ్ అనే పద్ధతి ఉండేది. ఆటగాళ్ల ఫిర్యాదుల మీద అక్కడికి వెళ్లిన కేసుల్లో 15 నుంచి 30 శాతం మాత్రమే చీటింగ్‌గా తేలేవి. వ్యాక్‌నెట్ గుర్తించి పంపిన వాటిలో 80 నుంచి 95 శాతం తేలేవి. అంటే ఆటగాళ్ల అనుమానం చాలావరకు నిలబడలేదు. ఫిర్యాదు చేసినవాళ్లు అబద్ధాలాడారని కాదు. ఓడిపోతున్నప్పుడు ఎవరికైనా కళ్లు అలాగే చూస్తాయి.

మరి డెమో ఎలా చూడాలి? మొదటిసారి గోడల వెనక మనుషులు కనిపించే ఎక్స్‌రే ఆపేసి, మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా ఆ ఆటగాడి కంటితో చూడండి. ఎక్స్‌రే ముందే ఆన్ చేస్తే మీ మెదడు దొంగతనాన్ని వెతుక్కుంటుంది. శత్రువు కనిపించకుండానే అతను నిర్ణయం తీసుకున్న ప్రతి చోటునూ రాసుకోండి. అప్పుడు అతనికి ఉన్న సమాచారం ఏమిటి, చప్పుడా, రాడారా, వాయిస్‌లో ఎవరైనా చెప్పారా అన్నది పక్కనే రాయండి. తర్వాత ఎక్స్‌రే పెట్టి రెండోసారి చూడండి. కొత్తగా చూసేవాళ్లంతా చంపిన షాట్ల మీదే దృష్టి పెడతారు. నేను మాత్రం అతను చూడకుండా వదిలేసిన మూలలు చూస్తాను. వాల్‌హ్యాక్ ఉన్నవాడికి ఖాళీ మూల ఖాళీ అని తెలుసు కాబట్టి దాన్ని చెక్ చేయడు. ఎవరైనా దాక్కుని ఉంటే మాత్రం తప్పకుండా చెక్ చేస్తాడు. ఈ తేడా మ్యాచ్ అంతటా, రౌండ్ తర్వాత రౌండ్ పడుతూ ఉంటే అది బలమైన ఆధారం. నాలుగైదు చోట్ల మాత్రమే కనిపిస్తే ఆధారం కాదు.

ఇంకో పని కూడా చేయండి, పెద్దగా ఖర్చు లేనిది. టోర్నమెంట్‌తో సంబంధం లేని ఇద్దరు మంచి ఆటగాళ్లకు డెమోలు ఇవ్వండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా రాయమనండి. పేర్లు దాచి, అదే స్థాయి ఆటగాళ్లవి మరో రెండు మూడు డెమోలు వాటిలో కలపండి. ఇద్దరూ వేరువేరుగా అదే ఆటగాడిని, అవే రౌండ్లను వేలెత్తి చూపితే మీ చేతిలో ఏదో ఉన్నట్టు. ఒకరు ఇతన్ని, ఇంకొకరు పక్కవాడిని చూపితే ఆ అనుమానం విలువ ఎంతో మీకే తెలుస్తుంది. అతని పాత మ్యాచ్‌ల డెమోలు కూడా తెప్పించండి. ఆరు నెలలుగా అలాగే ఆడుతున్నవాడు వేరు, ఫైనల్ రోజే ఒక్కసారిగా మారిపోయినవాడు వేరు.

అంకెలతో తేల్చాలనుకుంటే జాగ్రత్త. రియాక్షన్ టైమ్ తీసుకోండి. కంటికి కనిపించినదానికి మనిషి చేయి కదలడానికి మామూలుగా 200 మిల్లీసెకన్ల దరిదాపుల్లో పడుతుంది. అథ్లెటిక్స్ పరుగుపందేల్లో తుపాకీ మోగాక 100 మిల్లీసెకన్లలోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్ అంటారు. కానీ షూటర్‌లో ఒక షాట్ 60 మిల్లీసెకన్లలో పడిందంటే అతను ముందే ఊహించి కాల్చి ఉండొచ్చు. ఊహ తప్పిన షాట్లెన్నో కూడా లెక్కిస్తేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. 99 శాతం కచ్చితంగా చెప్పే పరీక్ష ఒకటి మీ దగ్గరుందనుకోండి. 500 మంది ఆడితే, వాళ్లలో నిజంగా 5 మంది చీట్ చేస్తే, ఆ పరీక్ష ఈ ఐదుగురినీ పట్టుకుంటుంది, నిజాయతీపరుల్లోంచి మరో ఐదుగురిని కూడా పట్టిస్తుంది. పట్టుబడినవాళ్లలో సగం మంది అమాయకులు. అందుకే అంకె ఎవరిని జాగ్రత్తగా చూడాలో చెప్పాలి, తీర్పు చెప్పకూడదు.

అయితే అంకెలే కేసును నిలబెట్టిన సందర్భమూ ఉంది. అది టోర్నమెంట్ కాదు, స్పీడ్‌రన్, అంటే గేమ్‌ను ఎంత త్వరగా పూర్తిచేస్తారన్న పోటీ. 2020లో మైన్‌క్రాఫ్ట్ స్పీడ్‌రన్ మోడరేటర్లు డ్రీమ్ అనే ప్రసిద్ధ ఆటగాడి ఆరు లైవ్‌స్ట్రీమ్‌లను లెక్కగట్టారు. గేమ్‌లో వస్తువులు మార్చుకునే బేరాల్లో ఎండర్ పెర్ల్ అనే వస్తువు వచ్చే అవకాశం 5 శాతం కంటే తక్కువ. ఆయనకు 262 బేరాల్లో 42 సార్లు వచ్చింది. సగం అవకాశమే ఉన్న బ్లేజ్ రాడ్ అనే వస్తువు 305లో 211 సార్లు పడింది. చాలామంది ఆటగాళ్లు, చాలా స్ట్రీమ్‌లు ఉన్నాయి కాబట్టి ఎవరో ఒకరికి అదృష్టం పట్టొచ్చన్న అభ్యంతరాన్ని కూడా లెక్కలో కలిపి, ఆయన వైపు మొగ్గు చూపుతూ లెక్కేసినా ఆ అవకాశం 7.5 లక్షల కోట్లలో ఒకటి అని తేలింది. 2021 మేలో తన గేమ్‌లో ఆ అవకాశాలను మార్చే మాడ్ (గేమ్‌కు బయటి నుంచి కలిపే మార్పు) ఉందని ఆయనే చెప్పారు, తనకు తెలియకుండా జరిగిందన్నారు. అక్కడ అంకె పనిచేసింది ఎందుకంటే గేమ్‌లో అసలు అవకాశం ఎంతో కోడ్‌లోనే ఉంది. మీ షూటర్‌లో ఇతను ఎంత బాగా ఆడగలడు అన్నదానికి అలాంటి స్థిరమైన కొలత లేదు.

లాగ్‌లు దొరికే చోట పని తేలిక. 2018లో డోటా 2 ఇంటర్నేషనల్ దక్షిణ అమెరికా క్వాలిఫయర్‌లో థండర్ ప్రిడేటర్ టీమ్ ఆటగాడు ఆటూన్ మీపో అనే పాత్రతో ఆడాడు. మీపోకు చాలా క్లోన్‌లు ఉంటాయి, వాటన్నిటినీ విడివిడిగా ఆడించడమే ఆ పాత్రలో కష్టం. రీప్లే చూస్తే క్లోన్‌లన్నిటికీ ఆజ్ఞలు సరిగ్గా ఒకే టిక్‌లో, అంటే సర్వర్ లెక్కించే అతి చిన్న క్షణంలో, వెళ్లాయి. చేత్తో ఒక్కొక్కటీ నొక్కితే అలా పడవు. ఒక్క నొక్కుకే చాలా ఆజ్ఞలు పంపే మాక్రోలు పెట్టుకునే మౌస్ సంగతి బయటపడి, నిర్వాహకులైన ఫేసిట్ ఆ టీమ్‌ను డిస్‌క్వాలిఫై చేసింది. ఇందులో అభిప్రాయానికి చోటు లేదు, డేటా ఎవరు చూసినా ఒకేలా కనిపిస్తుంది. మీరు వెతకాల్సింది ఇలాంటి ఆధారం.

యాంటీచీట్ ఏమీ పట్టలేదు కాబట్టి అతను శుభ్రమే అనుకోవచ్చా? అనుకోలేం. వాల్వ్ వారి యాంటీచీట్ వ్యాక్ లాంటివి చీట్‌ను కనిపెట్టినా చాలాసార్లు వెంటనే బ్యాన్ వేయవు. చీట్ తయారుచేసేవాళ్లకు ఎక్కడ దొరికిపోయామో తెలియకుండా కావాలనే ఆలస్యం చేస్తాయి. 2014 నవంబర్‌లో కౌంటర్-స్ట్రైక్ టీమ్ టైటన్ ఆటగాడు కేక్యూఎల్‌వై మీద వ్యాక్ బ్యాన్ పడింది డ్రీమ్‌హ్యాక్ వింటర్ టోర్నమెంట్ మొదలవడానికి కొన్ని రోజుల ముందు. టైటన్, అలాగే తన ఆటగాడికీ బ్యాన్ పడిన ఎప్సిలన్ టీమ్ కూడా ఆ టోర్నమెంట్ నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఈ రోజుల్లో రయట్ కంపెనీ యాంటీచీట్ వాన్‌గార్డ్ లాంటివి విండోస్ కెర్నల్ స్థాయిలో, అంటే సిస్టమ్ లోలోపలి పొరలో, నడుస్తూ చాలా పట్టేస్తున్నాయి. కానీ డీఎంఏ కార్డు (కంప్యూటర్ మెమరీని నేరుగా చదివే పరికరం) పెట్టి, గేమ్ మెమరీని పక్కనున్న రెండో కంప్యూటర్‌తో చదివేవాళ్లు ఉన్నారు. ఆ చీట్ సాఫ్ట్‌వేర్ గేమ్ ఆడే కంప్యూటర్‌లో అసలు ఉండదు. అందుకే కొన్ని యాంటీచీట్‌లు సెక్యూర్ బూట్, టీపీఎం, ఐఓఎంఎంయూ అనే కంప్యూటర్ భద్రతా ఏర్పాట్లు ఆన్‌లో ఉంటేనే ఆడనిస్తామంటున్నాయి.

చీట్ దొరికినా ఇంకో ప్రశ్న మిగులుతుంది: అక్కడ పెట్టింది ఎవరు? 2018 అక్టోబర్‌లో షాంఘైలో జరిగిన ఎక్స్‌ట్రీమ్స్‌ల్యాండ్ కౌంటర్-స్ట్రైక్ టోర్నమెంట్‌లో ఆప్టిక్ ఇండియా ఆటగాడు ఫర్‌సేకెన్ కంప్యూటర్‌ను మ్యాచ్ మధ్యలోనే అడ్మిన్లు పరిశీలించారు. వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ అనే పేరుతో దాచిన ఎయిమ్‌బాట్ బయటపడింది. వాళ్లు చూస్తుండగానే అతను దాన్ని తీసేయబోయాడు. అక్కడ ప్రశ్నే లేదు. ఈ-స్పోర్ట్స్ ఇంటిగ్రిటీ కమిషన్, అంటే ఈసిక్, అతనికి ఐదేళ్ల నిషేధం వేసింది. ఆప్టిక్ ఆ టీమ్‌నే మూసేసింది, ఏ తప్పూ చేయని తోటివాళ్ల అవకాశం కూడా పోయింది. నాకు బాధ కలిగేది అక్కడే.

దానికి పూర్తిగా వ్యతిరేకమైన ఘటన 2024 మార్చిలో ఏపెక్స్ లెజెండ్స్ ఉత్తర అమెరికా ఫైనల్స్‌లో జరిగింది. లైవ్‌లో ఆడుతుండగా జెన్‌బర్టెన్ అనే ఆటగాడి స్క్రీన్ మీద గోడల వెనకవాళ్లంతా కనిపించడం మొదలైంది. తర్వాత మరో ఆటగాడు ఇంపీరియల్‌హాల్‌కు ఎయిమ్‌బాట్ వచ్చిపడింది. రెండూ బయటి హ్యాకర్ చేసినవి, ఆటగాళ్లు అప్పటికప్పుడే గట్టిగా చెప్పేశారు. నిర్వాహకులు ఫైనల్స్ వాయిదా వేశారు. స్క్రీన్ మీద చీట్ కనబడింది కాబట్టి దోషి అని ఎవరైనా బ్యాన్ వేసి ఉంటే ఇద్దరు నిర్దోషుల కెరీర్ మీద మచ్చ పడేది. కాబట్టి మూడు ప్రశ్నలను విడివిడిగా తేల్చండి: అసలు జరిగిందా, ఎవరు చేశారు, ఫలితం మీద ఎంత ప్రభావం పడింది. ఒకదానికి జవాబు దొరికితే మిగతా రెండూ తేలిపోయినట్టు కాదు.

ఆరోపణను రాతపూర్వకంగా ఆ ఆటగాడికి పంపండి, ఏ రౌండ్లలో ఏం చూశారో చెప్పండి, జవాబుకు కనీసం కొన్ని రోజులు ఇవ్వండి. అతని కంప్యూటర్‌ను రిమోట్‌లో తీసుకుని ఫైళ్లు వెతకడం చిన్న టోర్నమెంట్లలో మామూలైపోయింది. నేను దానికి వ్యతిరేకిని. తెలివైనవాడు ముందే చెరిపేస్తాడు, అమాయకుడి సొంత ఫొటోలు, చాట్‌లు మీ కంటపడతాయి. తప్పనిసరైతే ఏం చూస్తారో, నిరాకరిస్తే ఏమవుతుందో రూల్‌బుక్‌లో ముందే ఉండాలి. మ్యాచ్ అయ్యాక కొత్తగా పెట్టిన షరతు న్యాయం కాదు.

రుజువు ఎంత ఉండాలి? క్రీడల వివాదాల్లో వాడే కొలమానం ఒకటుంది. కోర్టులో హత్య కేసుకు కావాల్సినంత అక్కర్లేదు, అయితే "ఇది జరిగి ఉండే అవకాశమే ఎక్కువ" అన్నంతకంటే బలంగా ఉండాలి, ఆరోపణ ఎంత తీవ్రమైతే రుజువు అంత గట్టిగా ఉండాలి. ఒక హెచ్చరికకు సరిపోయే ఆధారం రెండేళ్ల నిషేధానికి సరిపోదు. అలాగని "అనుమానం సగం ఉంది కాబట్టి శిక్ష కూడా సగం వేద్దాం" అనే రాజీకి దయచేసి దిగకండి. చాలామంది నిర్వాహకులు అందరినీ సంతోషపెట్టాలని ఇదే చేస్తారు. అతను చేసి ఉంటే మూడు నెలలు చాలా తక్కువ, చేయకపోతే మూడు రోజులు కూడా అన్యాయం.

శిక్షల విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2020 నాటి కోచ్‌ల బగ్ కేసు. కౌంటర్-స్ట్రైక్‌లో ఒక లోపం వల్ల కోచ్ కెమెరా మ్యాప్‌లో ఒక చోట ఇరుక్కుని, శత్రువుల కదలికలు కనిపించేవి. ఒక రెఫరీ దాన్ని బయటపెట్టాడు. ఈసిక్ పాత మ్యాచ్‌ల డెమోలు తవ్వించి, ఆ సెప్టెంబర్‌లో 37 మంది కోచ్‌ల మీద చర్య తీసుకుంది. నిషేధాలు కొన్ని నెలల నుంచి మూడేళ్ల దాకా ఉన్నాయి. ఎన్ని మ్యాచ్‌ల్లో, ఎంతసేపు వాడారన్నది చూశారు, ముందుకొచ్చి ఒప్పుకున్నవాళ్లకు తగ్గించారు. ఏళ్ల తర్వాత కూడా ఇది తేలిందంటే డెమోలు మిగిలి ఉండడమే కారణం.

ఫలితం మార్చాలా వద్దా అన్నది వేరే నిర్ణయం. 2012 లీగ్ ఆఫ్ లెజెండ్స్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో అజుబు ఫ్రాస్ట్ ఆటగాడు ప్రేక్షకుల కోసం పెట్టిన, ప్రత్యర్థులు ఎక్కడున్నారో కనిపించే పెద్ద స్క్రీన్ వైపు చూశాడు. రయట్ ఆ టీమ్‌కు 30,000 డాలర్ల జరిమానా వేసింది, మ్యాచ్ ఫలితాన్ని మాత్రం మార్చలేదు. ఒక చూపుకు అది సరైన తూకం అనిపిస్తుంది నాకు. అసలు తప్పు అలా కనబడేలా స్క్రీన్ పెట్టడంలో కూడా ఉంది. కానీ వాల్‌హ్యాక్, ఎయిమ్‌బాట్ తేలితే తూకం ఏమీ ఉండదు: టీమ్ మొత్తం డిస్‌క్వాలిఫై, బహుమతి తర్వాతి స్థానాలవాళ్లకు, దీర్ఘ నిషేధం ఆ ఆటగాడికి మాత్రమే. తోటివాళ్లకు తెలుసని రుజువైతే తప్ప వాళ్లను నిషేధించకండి. గెలుపు పోవడమే వాళ్లకు చాలు. మొదటిసారి దొరికినవాడికి, ముఖ్యంగా పద్దెనిమిదేళ్లలోపు వాడికి, జీవితకాల నిషేధం వేయను. వాల్వ్ కూడా 2021లో ఐదేళ్లు దాటిన వ్యాక్ బ్యాన్‌లను తన టోర్నమెంట్లకు అడ్డంకిగా చూడడం మానేసింది. డబ్బు తీసుకుని మ్యాచ్ ఓడిపోయేవాళ్ల సంగతి వేరు, అది ఆటను దాటి నేరంలోకి వెళ్తుంది. దక్షిణ కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ 2 ఛాంపియన్ లైఫ్‌కు 2016లో కోర్టే శిక్ష వేసింది.

రూల్స్‌లో లేనిదానికి శిక్ష వేయకండి. కీబోర్డులో ఎదురెదురు దిశల మీటలను దానంతటదే సర్దే స్నాప్ ట్యాప్ లాంటి సౌకర్యాలను కౌంటర్-స్ట్రైక్ 2లో వాల్వ్ 2024 ఆగస్టులో అడ్డుకుంది. అంతకుముందు దాన్ని వాడినవాళ్లను మోసగాళ్లు అనలేం. మీ గేమ్‌లో ఇలాంటి మధ్యరకం వస్తువులు, మాక్రోలు, క్రాస్‌హెయిర్ ఓవర్‌లేలు ఏవి సరే, ఏవి కావో పేరుపేరునా రాయండి.

తర్వాతి టోర్నమెంట్‌కు ఇవి ముందే పెట్టండి: ప్రతి మ్యాచ్‌కు సర్వర్ డెమో, ఆడేవారందరూ తమ స్క్రీన్ రికార్డు చేసి కొన్ని వారాలు దాచాలనే నిబంధన, టీమ్ వాయిస్ రికార్డింగ్, క్వార్టర్ ఫైనల్ నుంచి చేతులు, మానిటర్ కనిపించేలా వెనక నుంచి కెమెరా. డీఎంఏ వాళ్లు రెండో స్క్రీన్ వాడుతుంటే ఆ కెమెరా పట్టేయగలదు. స్ట్రీమ్‌కు కొన్ని నిమిషాల ఆలస్యం పెట్టండి, లేదంటే ప్రత్యర్థుల ప్లాన్ లైవ్‌లో చూసి చెప్పేవాళ్లను ఆపలేరు. ఫిర్యాదుకు గడువు, విచారించేది ఎవరు, అప్పీల్ ఎవరికి అన్నవి కూడా రాయండి. అప్పీల్ చూసేవాడు మొదటి విచారణలో ఉన్నవాడు కాకూడదు.

ఇప్పటి మీ కేసుకు వస్తే, డెమో పరిశీలన నెమ్మదిగా చేయండి, ఇద్దరు పరిశీలకులు రాసినది, ఆటగాడి జవాబు పక్కపక్కన పెట్టి చూడండి. రుజువు నిలబడితే పైన చెప్పిన శిక్ష వేసి, ఏ ఆధారంతో వేశారో రాసి ప్రకటించండి. నిలబడకపోతే ఫలితాన్ని ఖాయం చేసి, డబ్బు ఇచ్చేసి, "విచారించాం, ఉల్లంఘన రుజువు కాలేదు" అని చాట్‌లో ఆ నిందలు వేసిన చోటే పెట్టండి. ఫిర్యాదు చేసిన టీమ్‌కు కూడా ఏ రౌండ్లు చూశారో, ఎందుకు సరిపోలేదో వివరంగా రాయండి. డెమోలు మాత్రం చెరపకండి. రేపు అతని అకౌంట్ మీద యాంటీచీట్ బ్యాన్ పడితే కేసు మళ్లీ తెరవడానికి అవే కావాలి. అలా తెరిచే హక్కు మీకు ఎంతకాలం ఉంటుందో ఇప్పుడే రూల్‌బుక్‌లో రాసేయండి.